పులుపెక్కిన గరువులో పైరు: వేరు చూసి సున్నం వేసే పద్ధతి

మా గరువు, అంటే ఎత్తున ఉన్న ఎర్ర మెట్ట చేను, గజపతినగరం దగ్గర, కొండ దిగువన ఎకరన్నర. అయిదేళ్ల కిందట అందులో మొక్కజొన్న వేశాను. ఒకే రోజు విత్తాను, ఒకే సంచి విత్తనం, ఒకే మోతాదు యూరియా. అయినా పై చెక్కలో పైరు మోకాలి దగ్గరే ఆగిపోయింది, కింది చెక్కలో నడుము దాటింది. పై చెక్కలో ఆకుల అంచులు ఊదారంగుకు తిరిగాయి. భాస్వరం చాలలేదనుకుని డీఏపీ వేశాను. రంగు మారలేదు. మళ్లీ వేశాను. చివరికి విసుగెత్తి, పారతో ఒక మొక్కను మట్టిగడ్డతో సహా ఎత్తి, బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి కడిగాను. వేళ్లు జానెడు కూడా లేవు. కొసలు మొద్దుబారి, లావెక్కి, గోధుమరంగులో ఉన్నాయి. పీచువేళ్లు లేనే లేవు. కింది చెక్కలోని మొక్కను కూడా అలాగే కడిగితే వేళ్లు తెల్లగా, చిక్కుపడిన జుట్టులా బకెట్ నిండా పరుచుకున్నాయి.

నేలలో భాస్వరం లేక కాదు, అందుకునే వేరు లేక ఆ ఆకులు ఊదారంగుకు తిరిగాయి. రెండు బస్తాల డీఏపీ ఖర్చు పెట్టాక నేర్చుకున్న సంగతి ఇది. మీకు ఆ ఖర్చు లేకుండా, మెట్ట రైతు ఏ నెలలో ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను.

ముందుగా, మన నేల ఎందుకు పులుపెక్కింది

శ్రీకాకుళం, విజయనగరం వైపు తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించేది ఖోండలైట్ శిల. ఆ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. కోణార్క గుడి కట్టడానికి వాడిన రాళ్లలో ఇదీ ఒకటి. ఈ రాయి శిథిలమై ఎర్రమట్టి అవుతుంది. ఆ ఎరుపు ఇనుముది. ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా కురిసే వాన మట్టిలోని కాల్షియం, మెగ్నీషియం, పొటాష్‌లను కడిగి పల్లానికి చేరుస్తుంది. గరువులో ఇనుము, అల్యూమినియం మిగులుతాయి. అందుకే ఒకే ఊళ్లో గరువు పులుపుగా, పల్లం మామూలుగా ఉంటుంది. సముద్రం ఒడ్డున కొన్నిచోట్ల ఉప్పు నేలలున్నాయి. వాటి వైద్యం వేరు, ఇక్కడ రాసింది అక్కడ చేయకండి.

వాన మొదలుపెట్టిన పనిని మనం ముందుకు తోస్తున్నాం. యూరియా, డీఏపీ, అమ్మోనియం సల్ఫేటుల నుంచి వచ్చే అమ్మోనియా మట్టిలో నైట్రేటుగా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. లెక్క ప్రకారం 100 కిలోల యూరియా పుట్టించగల ఆమ్లాన్ని విరిచేందుకు 80 కిలోలకు పైగా సున్నపురాయి పొడి కావాలి. 100 కిలోల అమ్మోనియం సల్ఫేటుకైతే 110 కిలోలు. అంటే 45 కిలోల యూరియా బస్తా వేసిన ప్రతిసారీ ముప్పై అయిదు కిలోలకు పైగా సున్నం అప్పు రాసుకున్నట్టే. పైగా గింజతో పాటు చొప్పను, గోగు కట్టలను కూడా పొలం దాటిస్తే వాటిలోని కాల్షియం, పొటాష్ వాటితోనే పోతాయి.

నేల పులుపును ఉదజని సూచికతో, అంటే అందరూ పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు. 7 అయితే తటస్థం. ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పదింతలు పెరిగినట్టు. 6.5 నుంచి 5.5కు దిగిన నేల కాస్త పుల్లబడిందని సరిపెట్టుకోవడానికి లేదు. 5.5 కంటే దిగితే అసలు శత్రువు బయటపడుతుంది.

వేరు చేసే యుద్ధం

మట్టిలో అల్యూమినియం ఎప్పుడూ ఉంటుంది. మామూలు నేలలో అది బంకమన్నులో రాయిలా బిగుసుకుని ఎవరి జోలికీ పోదు. పులుపు పెరిగితే కరిగి నీళ్లలోకి వస్తుంది. కరిగినది వేరు కొసను పట్టుకుంటుంది. పెరిగేదల్లా ఆ కొసనున్న కొద్ది మిల్లీమీటర్ల లేత భాగమే. అక్కడ అల్యూమినియం తగిలిన కొన్ని గంటల్లోనే ఎదుగుదల ఆగిపోతుంది. బకెట్‌లో నాకు కనిపించిన మొద్దు కొసలు అవే.

మొక్క మాత్రం ఊరుకోదు. కొన్ని పైర్లు వేరు కొస నుంచి పుల్లటి పదార్థాలను బయటికి వదులుతాయి. ఆమ్లం మీదికి ఆమ్లమేమిటని అనిపిస్తుంది గాని, ఈ పులుపు పని వేరు. గోధుమ మాలిక్ ఆమ్లాన్ని, జొన్న, మొక్కజొన్న నిమ్మలో ఉండే సిట్రిక్ ఆమ్లాన్ని వదులుతాయి. అవి అల్యూమినియాన్ని చుట్టి పట్టేస్తే అది వేరులోకి దూరలేదు. గోధుమలో ఈ పని చేయించే జన్యువును 2004లో, జొన్నలో 2007లో గుర్తించారు. వరిది ఇంకో దారి. ధాన్యపు పైర్లలో అల్యూమినియాన్ని అందరికంటే బాగా ఓర్చుకునేది వరే, బార్లీ అందరికంటే వెనక. వరి కొంత అల్యూమినియాన్ని లోపలికే తీసుకుని, కణాల్లోని సంచుల్లో బంధించి పెడుతుంది. తేయాకు మొక్క ముదురు ఆకుల్లో దాచుకుంటుంది.

వేరు కొసను కప్పే జిగురు కూడా ఒక కవచమే. మొక్క నైట్రేటు రూపంలో నత్రజని తీసుకుంటే వేరు చుట్టూ పులుపు కొంచెం తగ్గుతుంది, అమ్మోనియం రూపంలో తీసుకుంటే పెరుగుతుంది.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది కంది. ఎర్రనేలలో భాస్వరం ఇనుముతో గట్టిగా ముడిపడి ఉంటుంది. చాలా పైర్లకు ఆ ముడి విప్పడం చేతకాదు. కంది వేరు పిసిడిక్ ఆమ్లం అనే పదార్థాన్ని వదిలి ఇనుమును పట్టుకుని భాస్వరాన్ని విడిపిస్తుందని పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జరిగిన పరిశోధన 1990లో చెప్పింది. గరువులో చోడి (రాగి) సాళ్ల మధ్య కంది వేసిన పెద్దలకు ఆ ఆమ్లం పేరు తెలియదు గాని, కంది వేసిన చోట మరుసటి పైరు తేరుకుంటుందని తెలుసు.

ఈ యుద్ధానికి హద్దుంది. మొక్క వేరు కొస చుట్టూ ఉన్న కొంచెం మట్టినే కాపాడుకోగలదు. అల్యూమినియం మరీ ఎక్కువైతే, కింది పొర కూడా పుల్లగా ఉంటే, ఎండ కాసి పైపొర ఆరితే, వేళ్లు లోతుకు పోలేక పైరు వాడిపోతుంది. పది రోజుల బెట్టకే పడిపోయే చెక్క ఏదో గుర్తుందా? అక్కడి నుంచే పరీక్ష మొదలుపెట్టండి.

ఏప్రిల్, మే: నేలను చదవడం

రబీ పైరు తీసేశాక, ఎరువు వేయక ముందు మట్టి నమూనా తీయాలి. బాగున్న చెక్క, బాగులేని చెక్క వేర్వేరుగా. రెండూ కలిపితే సగటు వస్తుంది గాని, ఆ సగటు నేల మీ పొలంలో ఎక్కడా ఉండదు. ఒక్కో చెక్కలో ఎనిమిది పది చోట్ల చెత్త పక్కకు లాగి, పారతో ఇంగ్లిషు వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, ఒక పక్క గోడ నుంచి పైనుంచి కిందివరకు ఒకే మందంతో మట్టిని చెక్కి తీయండి. గట్ల పక్కన, చెట్ల కింద, గెత్తం (పశువుల ఎరువు) కుప్ప పోసిన చోట వద్దు. అన్నీ కలిపి గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేవరకు తగ్గించి, నీడలో ఆరబెట్టండి. జీడి, మామిడి తోటలకైతే కింది పొరను విడిగా తీయాలి.

నమూనాను రైతు సేవా కేంద్రంలో ఇవ్వవచ్చు. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం వంటి చోట్ల అడగవచ్చు. 2015లో మొదలైన భూసార ఆరోగ్య కార్డులో ఉదజని సూచిక సహా పన్నెండు అంశాలు ఉంటాయి. అల్యూమినియం ఆ పన్నెండింటిలో లేదు. సున్నం ఎంత కావాలో కూడా ఆ ఒక్క అంకె చెప్పదు. 5.2 ఉన్న ఇసుక నేలకు కొద్దిగా చాలు, 5.2 ఉన్న బంకనేలకు అంతకు రెట్టింపు పైనే కావాలి. అందుకని నమూనా ఇచ్చేటప్పుడే సున్నం అవసరం తేల్చే బఫర్ పరీక్ష కూడా చేయమని అడగండి. అడగకపోతే చేయకపోవచ్చు.

ఫలితం వచ్చేలోగా ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. నాకు కాగితం కంటే దీని మీదే నమ్మకం. అనుమానమున్న చెక్క నుంచి పది కిలోల మట్టి తెచ్చి రెండు కుండీల్లో అయిదేసి కిలోలు పోయండి. ఒకదాంట్లో మెత్తటి సున్నపురాయి పొడి 5 గ్రాములు బాగా కలపండి. కిలోకు ఒక గ్రాము అంటే ఎకరాకు పైపొరలో దాదాపు 9 క్వింటాళ్ల లెక్క. రెండు వారాలు తడి ఆరకుండా ఉంచి, రెండింటిలోనూ పెసలు, మొక్కజొన్న నాలుగేసి గింజలు పెట్టండి. పన్నెండో రోజున కుండీలను బోర్లించి వేళ్లు కడిగి, తెల్లగుడ్డ మీద పక్కపక్కన పరచండి. సున్నం కుండీలో వేళ్లు పొడుగ్గా, పీచుగా ఉండి, రెండోదాంట్లో పొట్టిగా, మొద్దుగా ఉంటే మీ నేల సున్నానికి జవాబిస్తుంది. రెండూ ఒకేలా ఉంటే సున్నానికి డబ్బు పెట్టకండి, జబ్బు ఇంకేదో వెతకండి.

పైరు ఎంపిక

సున్నం కొనేముందు ఈ ప్రశ్న వేసుకోండి: ఆ చెక్కలో అక్కడి నేల ఒప్పుకునే పైరే వేస్తే పోదా? అనాస పులుపు నేలనే కోరుకుంటుంది, సీతంపేట కొండల్లో అది పండటం ఊరికే కాదు. (2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక సీతంపేట శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది, నేల మాత్రం అదే.) పలాస వైపు జీడి, కొండవాలు చోడి, సామ, చిలగడదుంప, బొబ్బర్లు కూడా పులుపును బాగానే ఓర్చుకుంటాయి. మొక్కజొన్న మధ్యస్థం, రకాన్ని బట్టి మారుతుంది. పత్తి, ఉల్లి, పెసర, మినుము సున్నితం. వేరుశెనగ అల్యూమినియాన్ని ఓర్చుకుంటుంది గాని కాల్షియం లేనిదే కాయలో పప్పు నిండదు.

5 కంటే కిందికి దిగిన చెక్కలో పత్తి వేసి తర్వాత సున్నంతో సరిదిద్దుదామనుకోవడం మొండితనం. అక్కడ రెండేళ్లు చోడి, కంది వేసి, ఆలోగా నేలను బాగుచేసుకోవడం మేలు.

ఏ సున్నం, ఎంత

సున్నపురాయి పొడి, డోలమైట్, కాల్చిన సున్నం, నీళ్లు చల్లిన సున్నం, గుల్ల సున్నం అన్నీ పనికొస్తాయి. శుద్ధమైన సున్నపురాయి బలాన్ని 100 అనుకుంటే, కాల్చిన పొడి సున్నం దాదాపు 179, నీళ్లు చల్లింది 135, డోలమైట్ 109. కాల్చిన సున్నం బలమైనదే గాని కళ్లు, చర్మం కాలుతాయి, నీళ్లు తగిలితే సలసల కాగుతుంది. పొలానికి సున్నపురాయి పొడి లేదా డోలమైట్ భద్రం. డోలమైట్‌తో మెగ్నీషియం అదనంగా వస్తుంది, అది కూడా మన గరువుల్లో కొట్టుకుపోయినదే. తీరంలో రొయ్యల చెరువులకు సరుకు అమ్మే దుకాణాల్లో డోలమైట్ బస్తాలు దొరుకుతాయి.

కొనేముందు రెండు చూడండి. చేతివేళ్ల మధ్య రుద్దితే పౌడరులా ఉండాలి, ఇసుకలా గరుకుగా ఉంటే అది కరిగేసరికి మీ పిల్లలు పెళ్లీడుకొస్తారు. రెండోది, చెంచాడు పొడి మీద నిమ్మరసం పిండండి. సున్నపురాయి అయితే వెంటనే బుసబుస నురగ వస్తుంది, డోలమైట్‌కు నిదానంగా, తక్కువగా వస్తుంది. ఏమీ రాకపోతే అది రాతిపొడి. ముగ్గుపిండి పేరుతో అమ్మేదానిలో ఇలాంటిది కూడా ఉండవచ్చు, చవకని పొలంలో చల్లకండి. కాల్చిన సున్నానికి ఈ నురగ పరీక్ష పనిచేయదు.

బఫర్ పరీక్ష చెప్పిన మొత్తం సున్నం పొలమంతా చల్లితే ఎకరాకు పది క్వింటాళ్లు దాటవచ్చు. బండి కిరాయి, కూలీ కలిపితే గరువు రైతు తట్టుకోలేడు. అందుకే నాగలి చాలులో వేయండి. ఆమ్ల నేలల మీద మన దేశంలో జరిగిన పరిశోధనలు సూచించేది హెక్టారుకు 2 నుంచి 4 క్వింటాళ్లు, అంటే ఎకరాకు 80 నుంచి 160 కిలోలు, ఏటా విత్తే చాలులో, సిఫారసు చేసిన ఎరువులతో పాటు. పొలం మొత్తాన్ని మార్చనక్కరలేదు, లేత వేరు మొదటి నెల తిరిగే చోటును మారిస్తే చాలు. ఆ తర్వాత మొక్క తన యుద్ధం తాను చేసుకోగలదు.

జూన్: చాలులో వేయడం

తొలకరికి దున్నాక, విత్తడానికి రెండు మూడు వారాల ముందు వేయడం మంచిది. 60 సెంటీమీటర్ల ఎడంతో మొక్కజొన్న వేస్తే ఎకరాకు దాదాపు 6,750 మీటర్ల చాలు వస్తుంది. 100 కిలోలు వేస్తే మీటరుకు 15 గ్రాములు. 30 సెంటీమీటర్ల వేరుశెనగ సాళ్లకైతే మీటరుకు ఏడున్నర గ్రాములు. ఈ లెక్క ఎలా పట్టుకోవాలంటే, వంటింటి త్రాసు మీద 15 గ్రాములు తూచి ఏదో ఒక సీసా మూతలో పోసి, ఎక్కడి వరకు వచ్చిందో గీత పెట్టుకోండి. మొదటి రెండు చాళ్లు మూతతో పోస్తే, తర్వాత చేయి దానంతట అదే కుదురుతుంది. నాగలి చాలు అడుగున పోసి, కాలితో కొంచెం మట్టి లాగి కలపండి. విత్తేరోజు మళ్లీ ఆ చాలులోనే విత్తాలి కాబట్టి రెండు కొసల్లో పుల్లలు పాతండి. మొదటి ఏడాది పుల్లలు పాతకుండా, వాన పడ్డాక చాలు కనిపించక సగం విత్తనం పక్కన విత్తాను. ఆ ఏడాది ఏ మొక్క సున్నం తిన్నదో చూడగానే తెలిసేది.

గాలి లేని పొద్దుట, ముక్కుకు గుడ్డ కట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని వేయండి. సున్నాన్ని యూరియాతో, డీఏపీతో, అమ్మోనియం సల్ఫేటుతో ఎప్పుడూ కలపకండి. కలిపితే ముక్కు అదిరే వాసన వస్తుంది. ఆ పోతున్న వాసనే మీరు డబ్బు పెట్టి కొన్న నత్రజని.

పశువుల గెత్తం వేస్తే సున్నం పని తేలికవుతుంది, ఎందుకంటే గెత్తంలోని సేంద్రియ పదార్థం కూడా అల్యూమినియాన్ని పట్టి ఉంచుతుంది. పొయ్యి బూడిద చిన్న సున్నం లాంటిదే, పెరటి కూరగాయలకు వాడుకోండి. భాస్వరం ఎరువును చల్లకుండా మొక్క మొదలు పక్కన చాలులో వేయండి, చల్లితే ఇనుము, అల్యూమినియం కాజేస్తాయి. జీడి, అనాస తోటల్లో 5.5 కంటే తక్కువ ఉంటే చవకైన రాక్ ఫాస్ఫేట్ బాగా పనిచేస్తుంది, దాన్ని కరిగించేది ఆ పులుపే. అదే చెక్కలో సున్నం వేస్తే అది కరగదు. రెండిట్లో ఒకటే ఎంచుకోండి.

అతిగా వేస్తే జింకు, బోరాన్, మాంగనీసు అందక పైరు పాలిపోతుంది, ముఖ్యంగా ఇసుక నేలల్లో. 6 దగ్గర ఆగండి. 7 తేవాలని పట్టుపట్టకండి.

జిప్సం గొడవ

ప్రతి ఏటా ఎవరో ఒకరు, పులుపు నేలకు జిప్సం వేశాను, ఏమీ కాలేదు అంటారు. నేను కూడా ఒకసారి ఆ పని చేశాను. జిప్సం ఉదజని సూచికను పెంచదు. చౌడు నేలకు మందు అదే గనుక పులుపుకూ పనికొస్తుందనుకుంటాం. వేరుశెనగకు మాత్రం కావాలి, ఊడలు దిగే దశలో, 40–45 రోజులకు, ఎకరాకు 200 కిలోలు మొక్క మొదళ్ల దగ్గర. అది కాయకు కాల్షియం అందించడానికి. దాని కాల్షియం, గంధకం కింది పొరకు కూడా దిగి అక్కడి అల్యూమినియం తీవ్రతను కొంత తగ్గిస్తాయి. అంతకు మించి ఆశించకండి.

వరి మడి, దాని తర్వాతి మినుము

పల్లపు మడిలో కథ తిరగబడుతుంది. దమ్ము చేసి నీళ్లు నిలిపాక మట్టిలో గాలి అయిపోతుంది. ఇనుము రూపం మారుతూ ఆమ్లాన్ని తినేస్తుంది. మూడు నాలుగు వారాల్లో పుల్లటి మడి కూడా 6.5, 7 దగ్గరకు చేరుతుంది. వరి మడికి నీళ్లే సున్నం. కొండ దిగువన ఊట నీరు వచ్చే మడుల్లో మాత్రం ఇనుము మరీ ఎక్కువగా కరిగి, కింది ఆకుల కొసల నుంచి తుప్పు చుక్కలు మొదలై ఆకంతా రాగిరంగు అవుతుంది. వేళ్లు ఎర్రటి పూత పూసినట్టు ఉంటాయి. ఆ పూత కూడా మొక్క సృష్టించిన కవచమే. వరి తన కాండం గుండా గాలిని వేళ్లకు పంపి, ఇనుమును వేరు బయటే తుప్పుగా పేర్చి ఆపుతుంది. ఆ మడిలో నీరు తీసి కొన్నాళ్లు ఆరనిచ్చి, పొటాష్ తగ్గకుండా చూడండి.

వరి కోతకు ముందు చల్లిన మినుము, పెసర దగ్గర అసలు చిక్కు వస్తుంది. నీరు తీసిన కొద్దీ మడి తన పాత పులుపుకు తిరిగిపోతుంది. అక్కడ దున్నడం లేదు, చాలు లేదు, సున్నం వేసే చోటే లేదు. వేళ్ల బొడిపెల్లో నత్రజని తయారుచేసే రైజోబియం బ్యాక్టీరియా మొక్క కంటే ముందే దెబ్బతింటుంది. ముప్పయ్యో రోజున మినుము మొక్కను తడి మట్టితో పెకలించి బొడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే అది పనిచేస్తోంది. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే ఊరికే కూర్చుంది. అలాంటి మడుల్లో రెండు పనులు చేయవచ్చు. వచ్చే ఖరీఫ్‌లో దమ్ముకు రెండు వారాల ముందు సున్నం వేస్తే దాని ఫలితం మినుముకు మిగులుతుంది. ఇప్పటికిప్పుడైతే విత్తనానికి చల్లారిన బెల్లం పాకంతో రైజోబియం పట్టించి, తడి ఆరకముందే మెత్తటి సున్నపురాయి పొడిలో దొర్లించండి. గింజ చుట్టూ తెల్లటి పొర ఏర్పడుతుంది. దీనికి కాల్చిన సున్నం, నీళ్లు చల్లిన సున్నం వాడితే బ్యాక్టీరియా అక్కడికక్కడే చస్తుంది, జాగ్రత్త.

ముప్పయ్యో రోజు

సున్నం వేసేటప్పుడు నాలుగు చాళ్లు వేయకుండా వదిలేయండి. పక్కింటివాళ్లు అడిగితే మరిచిపోయానని చెప్పండి. విత్తిన నెల తర్వాత ఆ చాళ్లలో ఒక మొక్క, సున్నం చాలులో ఒక మొక్క పారతో ఎత్తి, కడిగి, పక్కపక్కన పెట్టండి. తేడా కనిపిస్తే వచ్చే ఏడు అదే మోతాదు. కనిపించకపోతే పొడిని మళ్లీ నిమ్మరసంతో పరీక్షించండి, ఆ తర్వాత కింది పొర మట్టి నమూనా తీయించండి.

మా పై చెక్కలో ఇప్పుడు ఏటా ఎకరా లెక్కన 120 కిలోలు చాలులో పడుతోంది. మొక్కజొన్న ఇంకా కింది చెక్కను అందుకోలేదు. ఒక ఏడు అది, ఒక ఏడు చోడిలో కంది, ఇలా తిప్పుతున్నాను. మొన్న కడిగిన వేరు మూర పొడుగుంది, కొస తెల్లగానే ఉంది.